ఇంటి లెక్కలకు పుస్తకమా, ఎక్సెలా, యాపా? డబ్బు పోయే దారిని చూసి తేల్చుకోండి

ఇంటి జమాఖర్చులు రాయడానికి ఏది మంచిదని అడిగితే ఎవరికి వారు తమకు అలవాటైనదాన్నే చెబుతారు. ఆ సలహా వాళ్లింటికి సరిపోయే ఉంటుంది. కానీ నెలకు వంద చెల్లింపులు యూపీఐలో చేసే ఇల్లు ఒకటి, పింఛను తెచ్చి బీరువాలో పెట్టుకుని నోట్లతో నడిపే ఇల్లు ఒకటి, పంట అమ్మినప్పుడు తప్ప పెద్ద మొత్తం చూడని ఇల్లు ఇంకొకటి. ఈ మూడింటికీ ఒకే పద్ధతి నప్పదు.

కాబట్టి ముందు కిందటి నెల బ్యాంకు స్టేట్‌మెంటు తీసి మూడు సంగతులు చూడండి. ఏటీఎంలోనో కౌంటర్లోనో తీసిన నగదు మొత్తం ఎంత? యూపీఐ, కార్డు చెల్లింపుల వరుసలు ఎన్ని? ఇంట్లో డబ్బు ఖర్చుపెట్టే చేతులు ఎన్ని? నగదు మొత్తం ఖర్చులో మూడో వంతు దాటుతుంటే ఎంత మంచి యాప్ పెట్టినా పక్కన ఒక పుస్తకం ఉండాల్సిందే, ఎందుకంటే నోటు చేతులు మారినట్టు ఏ ఫోనుకూ తెలియదు. వరుసలు వంద దాటుతుంటే ప్రతిదీ చేత్తో రాయడం రెండో నెలలోనే ఆగిపోతుంది. ఖర్చుపెట్టే చేతులు రెండు, ఫోన్లు రెండు అయితే ఒక ఫోనులోని యాప్ చూపేది సగం లెక్కే.

పుస్తకం

రూళ్లున్న 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఎడమ పేజీ జమకు, కుడి పేజీ ఖర్చుకు. రెండు వైపులా నాలుగు గడులు గీయండి: తేదీ, వివరం, నగదు, బ్యాంకు. చాలామంది మొత్తానికి ఒకే గడి పెడతారు. అప్పుడు పర్సులో ఎంత ఉండాలో, ఖాతాలో ఎంత ఉండాలో విడిగా తెలియక, తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో అర్థం కాదు. బ్యాంకు నుంచి 5,000 తీస్తే అది ఖర్చు కాదు: కుడివైపు బ్యాంకు గడిలో 5,000, ఎడమవైపు నగదు గడిలో 5,000 రాయాలి. డబ్బు ఇంట్లోనే చోటు మారింది, అంతే.

రాత్రి పడుకునే ముందు నగదు నిల్వ లెక్క కట్టాలి. పొద్దున ఉన్న నిల్వకు ఆనాటి జమ కలిపి ఖర్చు తీసేస్తే చేతిలో ఉండాల్సిన మొత్తం వస్తుంది. దాన్ని పర్సుతో సరిచూసుకోవాలి. పది, ఇరవై రూపాయల తేడాకు గంట వెతకొద్దు, ‘చిల్లర తేడా’ అని ఒక పద్దు వేసి వదిలేయండి. నెలాఖరుకు ఆ పద్దు మూడు నాలుగు వందలు దాటితే రోజూ ఏదో ఒక ఖర్చు రాయకుండా పోతోందని అర్థం. అది చాలా ఇళ్లలో ఆటోనో, టీనో, గుడిలో హుండీనో అయి ఉంటుంది.

పెద్ద తేడా వస్తే వెతకడానికి పాత గుమస్తాల చిట్కాలు రెండు ఉన్నాయి. తేడా 9తో నిశ్శేషంగా భాగం పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. 540 బదులు 450 రాస్తే తేడా 90. సున్నా ఎక్కువో తక్కువో పడ్డా ఇదే గుర్తు: 50 బదులు 500 రాస్తే తేడా 450, అదీ 9తో పోతుంది. ఇక తేడాలో సగం ఏ పద్దుకైనా సరిపోతే ఆ పద్దు తప్పు వైపు పడినట్టు. 600 ఖర్చును జమలో రాస్తే 1,200 తేడా వస్తుంది. ఈ రెండూ కాకపోతే పేజీ మారేటప్పుడు మొత్తాన్ని కిందికి తేవడంలో పొరపాటు జరిగి ఉంటుంది. పుస్తకాల్లో ఎక్కువ తప్పులు పుట్టేది అక్కడే.

పుస్తకం బలహీనత రాయడంలో లేదు, తిరిగి చూడడంలో ఉంది. ‘ఈ ఏడాది మందులకు ఎంతయింది?’ అంటే పన్నెండు నెలల పేజీలు తిరగేసి, ఒక్కో పద్దు ఏరి కూడాలి. దీనికి సగం మందు: చివరి నాలుగు పేజీల్లో అడ్డంగా పన్నెండు నెలలు, నిలువుగా పది పన్నెండు పద్దులు గీసి, ప్రతి నెలాఖరున మొత్తాలు అక్కడికి ఎత్తి రాయడం. దీన్ని మూడు నెలలు వాయిదా వేస్తే మళ్లీ చేయరు. కిరాణా, మందుల బిల్లులను పుస్తకంలో పెట్టి అదే ఆధారమనుకోవద్దు. వేడితో ముద్రించే ఆ కాగితాల మీది అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. గ్యారంటీ ఉన్న వస్తువు బిల్లయితే ఆ రోజే ఫొటో తీసుకోవాలి.

కాగితం తప్ప వేరేది పనికిరాని చోట

చేబదులు, ప్రోనోటు, చిట్టీ ఉన్న ఇంట్లో కాగితానికి ప్రత్యామ్నాయం లేదు.

ప్రోనోటు మీద దావా వేయడానికి మామూలుగా ఉన్న గడువు 3 ఏళ్లు. ఆ లోపు బాకీ ఉన్నవారు కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. యాప్‌లో ‘వడ్డీ ముట్టింది’ అని మీరు వేసుకున్న పద్దు ఆ పని చేయదు. అప్పు ఇచ్చినవారైనా తీసుకున్నవారైనా పుస్తకంలో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ కేటాయించి, ఇచ్చిన తేదీ, అసలు, వడ్డీ రేటు, ముట్టిన తేదీలు వరుసగా రాయండి. రేటు ‘నూటికి రెండు’ అని రాస్తే పక్కనే ఏడాదికి 24 శాతం అని కూడా రాయండి. బ్యాంకు అప్పుతో పోల్చాలంటే అదే అంకె కావాలి.

చిట్టీని యాప్‌లు అర్థం చేసుకోవు. లక్ష రూపాయల చిట్టీ, 20 మంది, 20 నెలలు, నెలకు 5,000 అనుకుందాం. ఈ నెల ఎవరో 20,000 తగ్గించి 80,000కు పాడుకున్నారు. ఆ 20,000లో నిర్వాహకుల కమీషన్ లక్ష మీద 5 శాతం చొప్పున 5,000 పోతే మిగిలిన 15,000 ఇరవై మందికి తలా 750 వస్తుంది. మీరు కట్టేది 4,250. ఎస్సెమ్మెస్ చదివే యాప్‌కు ఇందులో కనిపించేది 4,250 ‘ఖర్చు’ మాత్రమే. నిజానికి మీరు పాడుకోనంతవరకు అది పొదుపు, పాడుకున్నాక అప్పు తీర్చడం. మీరు పాడుకున్న నెలలో 80,000 ఖాతాలో పడితే యాప్ దాన్ని ‘ఆదాయం’ అంటుంది, ఆ నెల మీరు ఎంతో మిగిల్చినట్టు చూపిస్తుంది. చిట్టీకి విడిగా ఒక పేజీ పెట్టి, నెల సంఖ్య, పాట, డివిడెండు, కట్టింది అనే నాలుగు గడులతో రాసుకోవాలి. చిట్టీ తీరాక కట్టిన మొత్తం ఎంతో, వచ్చింది ఎంతో పక్కపక్కన పెట్టినప్పుడే అది లాభమో నష్టమో తేలుతుంది. డ్వాక్రా సంఘంలో ఉన్నవారికీ ఇంతే: నెలవారీ పొదుపు వేరు, సంఘం అప్పు మీద కట్టే వాయిదా వేరు. రెండూ ఒకే రోజు ఒకే చేత్తో కడతారు గనుక ఒకే పద్దుగా రాసేస్తుంటారు.

వ్యవసాయ కుటుంబాల సంగతి ఇంకా తేలిక: పుస్తకమే, అదీ నెలవారీగా కాదు, పంటవారీగా. ఏ మడి, ఎన్ని ఎకరాలు, ఏ పంట అని పైన రాసి, దుక్కి, విత్తనం, ఎరువు, మందులు, కూలీలు, కోత, రవాణా కింద రాసుకుంటూ పోతే ఎకరాకు పెట్టుబడి తేలుతుంది. నెలవారీ బడ్జెట్ గీసే యాప్‌లో ఇలాంటి ఇల్లు ఎనిమిది నెలలు ఎరుపులోనే కనిపిస్తుంది. ఎరువుల కొట్లో ఖాతా ఉంటే సరుకు తెచ్చిన రోజే ధర అడిగి రాసుకోవాలి. పంట చేతికొచ్చాక కొట్టు పుస్తకంలోని మొత్తం చూసి కళ్లు తేలేయడం కంటే అది మేలు. విత్తనం బిల్లు, సంచికుండే ట్యాగు కోత అయ్యేదాకా ఆ పంట పేజీకే పిన్ను చేయండి. విత్తనం మొలకెత్తలేదనో, నకిలీదనో ఫిర్యాదు చేయాల్సి వస్తే మొదట అడిగేవి అవే. పీఎం కిసాన్ కింద ఏడాదికి మూడు విడతలుగా పడే 6,000ను ఇంటి జమలోనే రాయండి. పంట లెక్కలో కలిపితే పెట్టుబడి తక్కువైనట్టు కనిపించి మోసపోతారు.

ఎక్సెల్, గూగుల్ షీట్స్

జీతం మీద బతికే, ఎక్కువగా యూపీఐలో ఖర్చుపెట్టే ఇద్దరు ముగ్గురున్న ఇంటికి మేం ముందు చెప్పేది ఇదే. ఇంట్లో ఎవరికైనా ఆఫీసులో ఎక్సెల్ అలవాటుంటే ఇక ఆలోచించనక్కర్లేదు.

అయితే చాలామంది మొదలుపెట్టే తీరే తప్పు. నెలకొక షీటు తెరిచి, పైన కిరాణా, పాలు, కరెంటు, పెట్రోలు అని గడులు పెట్టి, కింద అంకెలు నింపుతారు. చూడడానికి బాగుంటుంది. నాలుగో నెలలో కొత్త గడి ఒకటి కలిపితే పాత మూడు నెలలతో పోలిక తెగిపోతుంది. దానికి బదులు ఏడాదంతా ఒకే షీటు, ఒక ఖర్చుకు ఒక వరుస. గడులు ఆరు: తేదీ, మొత్తం, పద్దు, ఎక్కడినుంచి (నగదా, బ్యాంకా, కార్డా), ఎవరు, వివరం. నెలవారీ, పద్దువారీ మొత్తాలు పక్క షీటులో పైవట్ టేబులే (వరుసలను గుంపులుగా కూడి చూపే పట్టిక) తీస్తుంది. గూగుల్ షీట్స్‌లో అది తనంతట తానే మారుతుంది, ఎక్సెల్‌లో మాత్రం రిఫ్రెష్ నొక్కాలి.

పద్దు గడిలో చేత్తో టైపు చేయనివ్వకూడదు. డేటా వ్యాలిడేషన్‌తో డ్రాప్‌డౌన్ (ముందే ఇచ్చిన జాబితాలోంచి ఎంచుకునే గడి) పెట్టాలి. తెలుగులో రాసేవారికి ఇది మరీ ముఖ్యం: ఒకరోజు ‘కరెంటు’, ఒకరోజు ‘కరెంట్’ అని రాస్తే షీటుకు అవి రెండు వేర్వేరు ఖర్చులు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు చేరుస్తాయి. తెర మీద రెండు మాటలూ అచ్చు ఒకేలా ఉంటాయి, మొత్తం మాత్రం కలవదు. పద్దులు పన్నెండు నుంచి పదిహేను దాటనివ్వొద్దు. కూరగాయలు, పండ్లు, ఆకుకూరలు అని మూడుగా చీల్చి తెలుసుకునేదేమీ లేదు. ‘ఇతరాలు’ మాత్రం మొత్తంలో పదో వంతు దాటితే తెరిచి చూడండి.

ఫోనులో షీటు తెరిచి చిన్న గడుల్లో వేలు పెట్టడం విసుగు. గూగుల్ ఫారంలో నాలుగు ప్రశ్నలు పెట్టండి: ఎంత, దేనికి, ఎక్కడినుంచి, ఎవరు. ఆ లింకును ఇంట్లో అందరి ఫోన్లలో హోమ్ స్క్రీన్ మీద ఉంచితే, ఎవరు నింపినా తేదీతో సహా ఒకే షీటులో పడుతుంది. ఫారం వేసే తేదీ నింపిన తేదీ, ఖర్చు చేసిన తేదీ కాదు. నెలాఖరు ఖర్చులు మర్నాడు నింపేవారు ఐదో ప్రశ్నగా తేదీ కూడా అడగాలి.

ఇక తప్పులు ఎక్కడ వస్తాయంటే:

తేదీల్లో. కొత్త గూగుల్ షీటు అమెరికా పద్ధతిలో ఉండవచ్చు. అప్పుడు 03/04 అంటే మార్చి 4 అనుకుంటుంది, 25/04 అంటే తేదీయే కాదనుకుని మామూలు అక్షరాల్లా వదిలేస్తుంది. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కు వెళ్లి లొకేల్‌ను ఇండియాకు మార్చాలి, అదీ మొదటి పద్దు వేయకముందే. సరైన తేదీ గడిలో కుడివైపు ఒదిగి ఉంటుంది. ఎడమవైపు ఉంటే అది తేదీ కాదు.

అంకెల్లో. బ్యాంకు ఇచ్చే ఫైలులో ‘1,250.00 డెబిట్’ అన్నట్టు అంకె పక్కన అక్షరాలుంటే అది కూడికలో చేరదు. షీటు తప్పని చెప్పదు, మౌనంగా సున్నా వేసుకుంటుంది. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే 15 అంకెలు దాటిన నంబర్ల చివరి అంకెలు సున్నాలైపోతాయి. ఆ ఫైలును సేవ్ చేస్తే అసలు నంబరు ఇక తిరిగి రాదు. బ్యాంకు ఫైలు అసలు ప్రతిని ముట్టుకోకుండా పక్కన పెట్టి, నకలు మీదే పని చేయండి.

ఫార్ములాల్లో. మొత్తం కోసం రెండో వరుస నుంచి రెండు వందల వరకు అని ఇచ్చి, వరుసలు మూడు వందలకు చేరాక కూడా అదే మొత్తం నమ్ముతుంటారు. నిలువు గడి మొత్తాన్ని ఇవ్వండి. ఫిల్టర్ పెట్టి చూస్తూ కింద సమ్ ఫార్ములా చూస్తే దాచిన వరుసలు కూడా అందులో కలిసే ఉంటాయి. కనిపించేవాటి మొత్తం కావాలంటే సబ్‌టోటల్ వాడాలి. ఒక్క నిలువు గడిని మాత్రమే ఎంచుకుని సార్ట్ చేస్తే తేదీలు ఒకచోట, మొత్తాలు ఒకచోట చెదిరిపోతాయి. అలా జరిగితే గూగుల్ షీట్స్‌లో వెర్షన్ హిస్టరీ తెరిచి ముందటి రూపానికి పోవచ్చు. కంప్యూటర్‌లో మాత్రమే ఉన్న ఎక్సెల్ ఫైలును మూసేశాక ఆ వెసులుబాటు ఉండదు. మేం షీట్స్ వైపు మొగ్గడానికి సగం కారణం ఇదే.

క్రెడిట్ కార్డు ఉన్న ఇంట్లో ఒకే ఖర్చు రెండుసార్లు పడే ప్రమాదం ఉంది. కార్డు గీకిన రోజు 3,000 బట్టలకు రాస్తారు, వచ్చే నెల బిల్లు కట్టినప్పుడు ఆ 3,000 కలిసిన బిల్లంతా మళ్లీ ఖర్చుగా రాస్తారు. గీకిన రోజే ఖర్చు. బిల్లు కట్టడం ‘బదిలీ’ అనే పద్దు, అది ఖర్చు మొత్తాల్లోకి రాకూడదు. సొంత ఖాతాల మధ్య డబ్బు పంపడం, ఏటీఎంలో తీయడం, ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడం అన్నీ బదిలీలే.

షీటులో మాత్రమే సులువుగా సాధ్యమయ్యే మరో పని ఏడాదికోసారి వచ్చే ఖర్చులను పన్నెండు నెలలకు పంచడం. స్కూలు ఫీజు 54,000, ఎల్‌ఐసీ 24,000, కారు బీమా 12,000, ఇంటి పన్ను 6,000 అయితే మొత్తం 96,000. అంటే నెలకు 8,000 పక్కన పెట్టాలి. ఈ ఒక్క వరుస లేకపోవడం వల్లే జూన్‌లో బడులు తెరిచేసరికి చాలా ఇళ్లు బంగారం తాకట్టు దాకా వెళ్తాయి. ఇంటి పన్నును ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తానికి కట్టేవారికి జీహెచ్‌ఎంసీ 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చింది. చేతిలో ఆ డబ్బు సిద్ధంగా ఉంటేనే అలాంటివి అందుతాయి.

యాప్‌లు, సాఫ్ట్‌వేర్

అన్నిటినీ యాప్ అనే ఒక మాటతో పిలుస్తున్నా లోపల నాలుగు రకాలు ఉన్నాయి. చేత్తో నింపేవి, ఎస్సెమ్మెస్‌లు చదివి తామే నింపుకునేవి, అకౌంట్ అగ్రిగేటర్ ద్వారా బ్యాంకు నుంచే లెక్క తెచ్చుకునేవి, కంప్యూటర్‌లో నడిచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్.

చేత్తో నింపే యాప్‌కు, పుస్తకానికి పని విషయంలో తేడా లేదు. కూడికలు అదే చేస్తుంది, అంతే. ఒంటరిగా ఉండే ఉద్యోగికి, హాస్టల్లో చదివే పిల్లలకు ఇది సరిపోతుంది.

ఎస్సెమ్మెస్ చదివేవి ఆండ్రాయిడ్‌లోనే పనిచేస్తాయి. ఐఫోన్‌లో వేరే యాప్‌లు మెసేజీలు చదవలేవు. మొదటి వారం ఇవి అద్భుతంగా ఉంటాయి. తర్వాత నెలాఖరు మొత్తం చూస్తే నమ్మబుద్ధి కాదు. సొంత ఖాతాకు పంపింది ఖర్చయి ఉంటుంది. ఏటీఎంలో తీసిన 10,000 ఒకసారి, దాంతో కొన్న సరుకులు మీరు చేత్తో వేస్తే ఇంకోసారి పడి ఉంటాయి. విఫలమై తిరిగొచ్చిన యూపీఐ చెల్లింపు ఖర్చులోనూ ఆదాయంలోనూ ఉంటుంది. ఐపీఓకు (కంపెనీ మొదటిసారి అమ్మే షేర్లకు) దరఖాస్తు చేస్తే బ్యాంకు ఆ డబ్బును నిలిపి ఉంచుతుందే తప్ప తీసుకోదు, కానీ ఆ మెసేజీని కూడా ఖర్చుగా చదివిన సందర్భాలు ఉంటాయి. చిన్న మొత్తాలకు మెసేజీ పంపడం మానేసిన బ్యాంకులు ఉన్నాయి గనుక పాలు, టీ, పార్కింగ్ అసలు కనిపించకపోవచ్చు. జాయింట్ ఖాతా అయితే మెసేజీ ఇద్దరి ఫోన్లకూ వస్తే ఖర్చు రెండింతలవుతుంది.

యూపీఐ లైట్ వాడేవారు ఇంకో సంగతి గమనించాలి. పిన్ లేకుండా కట్టే ఆ చిన్న చెల్లింపులు బ్యాంకు స్టేట్‌మెంటులో విడివిడిగా రావు. లైట్‌లోకి డబ్బు వేసిన ఒక్క వరుసే ఉంటుంది. దాన్ని పర్సులోకి వెళ్లిన నగదులాగే చూడాలి, వివరం కావాలంటే యూపీఐ యాప్ చరిత్రలో చూసుకోవాలి.

పద్దులను తానే విడదీస్తానని ప్రతి యాప్ చెబుతుంది. మన వీధుల్లో అది సగం కూడా కుదరదు. కిరాణా కొట్టు క్యూఆర్ కోడ్ యజమాని పేరు మీదే ఉంటుంది, కూరల బండిది వాళ్లబ్బాయి పేరు మీద ఉంటుంది. యాప్‌కు అవన్నీ ‘వ్యక్తికి పంపిన డబ్బు’. దీనికి తేలికైన విరుగుడు యూపీఐ కట్టేటప్పుడు కింద కనిపించే నోట్ గడి. అక్కడ ‘పాలు’, ‘మందులు’ అని ఒక్క మాట టైపు చేస్తే చాలా బ్యాంకుల స్టేట్‌మెంటులో ఆ మాట వస్తుంది. మీది షీటైనా యాపైనా నెలాఖరున అది గంట పని తప్పిస్తుంది.

అకౌంట్ అగ్రిగేటర్ పద్ధతి మన దేశంలో 2021 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థ మధ్యలో ఉండి, మీరు ఒప్పుకున్న ఖాతాల వివరాలను మీరు ఒప్పుకున్నంత కాలానికి యాప్‌కు అందిస్తుంది. మధ్యలో ఉన్న సంస్థ ఆ వివరాలను చూడడానికీ దాచుకోవడానికీ వీల్లేదు. మెసేజీలు చదవడం కంటే ఇది కచ్చితమైనది. ఒప్పుకునే తెర మీద మూడు చూడండి: ఎంత కాలానికి, ఎన్ని రోజులకోసారి, ఏ పనికి. యాప్ తీసేసినంత మాత్రాన ఒప్పుకోలు రద్దు కాదు. అగ్రిగేటర్ యాప్‌లోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి.

ఉచిత యాప్ ఎంచుకునేటప్పుడు అది ఎలా బతుకుతోందో చూడడం తప్పదు. అమెరికాలో లక్షల మంది వాడిన ఖర్చుల యాప్ మింట్‌ను 2024 మార్చిలో మూసేశారు. మన దగ్గర ఎస్సెమ్మెస్‌లు చదివి ఖర్చులు చూపే వాల్‌నట్‌ను 2018లో అప్పులిచ్చే సంస్థ ఒకటి కొనుక్కుంది. మీ ఖర్చుల తీరు తెలిసిన యాప్ మీకు అప్పు ఇవ్వజూపడంలో వింతేమీ లేదు. కాబట్టి ఏ యాపైనా మొదటి రోజే నాలుగు పద్దులు వేసి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన ఫైలును షీట్స్‌లో తెరిచి చూడండి. తేదీ, మొత్తం, పద్దు విడివిడి గడుల్లో రాకపోతే, లేదా ఎక్స్‌పోర్ట్‌కే డబ్బు అడిగితే, ఐదేళ్ల లెక్క అందులో పెట్టకండి.

కంప్యూటర్‌లో నడిచే వాటిలో గ్నూక్యాష్ ఉచితం, ఫైలు మీ దగ్గరే ఉంటుంది. ప్రతి పద్దూ రెండు చోట్ల పడే జంట పద్దు విధానం గనుక తేడా దాగదు. జీతం ఇంటికి ఇది బరువు. ఇంటి కింద కొట్టు ఉండి, కొట్టు గల్లా నుంచే ఇంటి ఖర్చు తీసేవారికి, రెండు మూడు ఇళ్ల అద్దెలు వచ్చేవారికి మాత్రం షీటు కంటే ఇదే నయం. గల్లాలోంచి తీసిన ప్రతి రూపాయీ ‘యజమాని వాడకం’ అనే ఖాతాలో పడుతుంది, కొట్టు లాభం ఎంతో అప్పుడే తెలుస్తుంది.

ఎవరికి ఏది

పింఛనుతో నడిచే ఇల్లు, సాగు ఇల్లు, నగదు ఎక్కువగా తిరిగే ఇల్లు: పుస్తకం. ఇద్దరు సంపాదించే, పిల్లలున్న ఇల్లు: గూగుల్ షీటు, ఫారం, అప్పులకూ చిట్టీలకూ ఒక చిన్న పుస్తకం. ఒంటరి ఉద్యోగి: చేత్తో నింపే యాప్. కొట్టు, అద్దెలు: గ్నూక్యాష్. ఎస్సెమ్మెస్ యాప్‌ను ఒక్కదాన్నే నమ్ముకునే ఇంటికి మాత్రం ఏ సందర్భంలోనూ ఓటు వేయలేం. మరిచిపోయిన ఖర్చులు వెతుక్కోవడానికి అది పనికొస్తుంది, లెక్కకు ఆధారంగా కాదు.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి రెండు దేశాల ఖాతాలూ కలిపి చూపించే యాప్ దొరకడం కష్టం గనుక షీటే గతి. ఇంటికి పంపిన డబ్బును పంపిన రోజు మారకం రేటుతోనే అంకెగా రాయండి. గూగుల్‌ఫైనాన్స్ (మారకం రేటు తెచ్చే) ఫార్ములాను ఈనాటి రేటుకు వదిలేస్తే కిందటేడాది మొత్తాలు కూడా రోజూ మారుతుంటాయి. అమెరికాలో పన్ను కట్టేవారు భారతదేశంలోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఎఫ్‌బార్ దాఖలు చేయాలి. అందులో ఒక్కో ఖాతాకు ఆ ఏడాది గరిష్ఠ నిల్వ అడుగుతారు. ‘నెలలో గరిష్ఠ నిల్వ’ అని ఒక గడి పెట్టుకుంటే ఏప్రిల్‌లో పన్నెండు స్టేట్‌మెంట్లు వెతకనక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా ఒక కాగితం మాత్రం చేత్తో రాసి బీరువాలో ఉండాలి: బ్యాంకు ఖాతాలు, బీమా పాలసీ నంబర్లు, లాకరు, డిపాజిట్లు, నామినీలు, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి. పిన్‌లు, పాస్‌వర్డులు అందులో వద్దు. లెక్క చూసే మనిషి ఆసుపత్రిలో ఉంటే తాళం పడిన ఫోనులోని యాప్ ఇంట్లోవాళ్లకు తెరుచుకోదు. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి పోతాయి. వాటిని వెతకడానికి 2023లో ఉద్గమ్ పోర్టల్ పెట్టాల్సి వచ్చిందంటే ఇలాంటి కాగితం ఎన్ని ఇళ్లలో లేదో ఊహించవచ్చు.

ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి మారాలనుకుంటే ఏప్రిల్ 1న మారండి. పన్ను లెక్క ఏడాదితో కలిసొస్తుంది. పాత పుస్తకంలోని పద్దులన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించడానికి కూర్చోవద్దు. సగంలో విసిగి రెండూ ఆపేస్తారు. మార్చి 31 రాత్రి చేతిలో ఉన్న నగదు, ఒక్కో ఖాతా నిల్వ, కార్డు బాకీ, ఇచ్చిన, తీసుకున్న అప్పులు మాత్రమే ముందు నిల్వలుగా రాయండి. ఏప్రిల్ ఒక్క నెల పాతదాన్నీ కొత్తదాన్నీ రెండింటినీ నడిపి, 30వ తేదీన రెండు చోట్లా బ్యాంకు నిల్వ స్టేట్‌మెంటుతో కలిస్తే పాతది ఆపేయండి.